ఓదెవ్వ కుట్టిన అంగి

అనగా అనగా, మన తాతల తాతలకు ఇంకా మీసాలు మొలవని కాలంలో, ఇసుకవాగు పక్క ఊళ్ళలో ఓదెవ్వ అనే మనిషి ఉండేది. ఉండేది అంటున్నాను గానీ, ఒకచోట ఉండటం ఆమె వల్ల అయ్యే పని కాదు. పొద్దున ఈ ఊళ్ళో కనిపిస్తే మధ్యాహ్నం ఆ ఊళ్ళో, సాయంత్రం ఇంకో ఊళ్ళో. కాలుగాలిన పిల్లి అయినా కాసేపు పొయ్యి పక్కన ముడుచుకుంటుందేమో, ఓదెవ్వ ముడుచుకోదు. గంజి నిలబడే తాగేది. కుట్టుపని నడుస్తూనే చేసేది. చంకలో మూట, నోట్లో దారం, చేతిలో సూది.

ఆమె ఎందుకిలా తిరుగుతుందో జనం మూడు రకాలుగా చెప్పుకునేవారు. వాళ్ళమ్మ చేను నుంచి ఇంటికి నడుస్తూ దారిలోనే కన్నదనీ, అందుకే దారిని వదలదనీ కొందరు. చిన్నప్పుడు అడవిలో దారి మరిపించే తీగ తొక్కిందని కొందరు. మొగుడు పోయాడు, అత్త లేదు, అడిగే దిక్కు లేదు, తిరగక ఏం చేస్తుందని కొందరు. మూడూ ఉత్త మాటలే. అసలు సంగతి నేను చెబుతాను వినండి. ఓదెవ్వకు ఒకప్పుడు ఆడపిల్ల పుట్టింది. చలికాలం. పిల్లకు అంగి కుడదామని కూర్చుంది. ఒక చెయ్యి అతికింది. రెండో చెయ్యి అతికే లోపల పిల్ల పోయింది. అప్పటినుంచీ ఆమె కూర్చోలేదు. కూర్చుంటే చాలు, ఏదో సగంలో వదిలేశానని గుండె కొట్టుకునేది.

అందుకని పసిపిల్లలకు అంగీలు కుడుతూ తిరిగేది. కొత్త గుడ్డతో కాదు, పాత గుడ్డతో. పుట్టిన బిడ్డకు కొత్త గుడ్డ తొడగరు కదా. అది గంజితో బిరుసుగా ఉంటుంది, లేత ఒళ్ళు ఒరుసుకుపోతుంది. ఆ రోజుల్లో ఇంకో నమ్మకం కూడా ఉండేది. ముసలివాళ్ళు కట్టి కట్టి మెత్తబడిన గుడ్డకు వాళ్ళ ఆయుష్షు కొంచెం అంటుకుని ఉంటుందట. అది తొడిగితే పసివాడు కూడా అంత ముసలివాడయ్యేదాకా బతుకుతాడట. మరి చచ్చిపోయినవాళ్ళ గుడ్డ? అమ్మో, ఆ మాటే ఎత్తకూడదు. ఆయుష్షు అంటుకునే గుడ్డకు చావు అంటుకోదా? పోయినవాళ్ళ బట్టలు, పక్కబట్టలు మూటగట్టి చాకలికి ఇచ్చేసేవారు. ఇంట్లో ఒక్క పోగు కూడా ఉంచుకునేవారు కాదు.

అందుకే ఓదెవ్వ ఏ గడప ముందు నిలబడ్డా మూడు మాటలే మాట్లాడేది.

"పాతది ఇయ్యుండ్రమ్మా, పసిది తొడుక్కుంటది" అనేది మొదట.

గుడ్డ చేతికి రాగానే, "ఇది కట్టినోళ్ళు ఉన్నరా?" అని అడిగేది.

ఉన్నారంటే, "నూరేండ్లు ఉండాలె" అని మూటలో వేసుకునేది. లేరంటే ఆ గుడ్డను గడప మీదే పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేది.

ఆమె చేతిలో తాత ధోవతి అంగి అయ్యేది. అవ్వ చీర కొంగు పసి తలకు కుల్ల అయ్యేది. చిరిగిన దుప్పటి లాగు అయ్యేది. దుప్పటి ఎప్పుడూ నడుమనే అరుగుతుంది, ఎత్తి పట్టుకుంటే అవతల వెలుగు కనిపిస్తుంది. అంచుల పక్కన మాత్రం గుడ్డ గట్టిగా ఉంటుంది. ఓదెవ్వ నడుమను వదిలేసి అంచుల నుంచి అంగి తీసేది. కత్తెర లేదు. పంటితో గాటు పెట్టి పోగు వెంబడి సర్రున చింపేది. దారం ఆ గుడ్డలోంచే లాగేది. గుండీలకు బదులు బొందులు పెట్టేది. కుట్లన్నీ లోపలికి కాకుండా పైకి వచ్చేలా కుట్టేది.

"ఏంది ఓదెవ్వా, అంగి తిరగేసి కుట్టినవ్?" అని ఆడవాళ్ళు నవ్వేవారు.

"కుట్టు నీకు కనవడితే ఏం పోయె? పసోని ఒంటికి తాకకపోతే సాలు" అనేది. ఆ మాట పూర్తయ్యేసరికి నాలుగిళ్ళు దాటిపోయేది. కూలి అడగటానికైనా ఆగేది కాదు.

ఒక ఏడు పత్తి చేలకు పురుగు పట్టింది. మగ్గాలు ఆగిపోయాయి. కొత్త చీర దొరకనప్పుడు పాత చీర ఎవరిస్తారు? గడప గడపకూ తిరిగినా ఓదెవ్వ మూట నిండలేదు. ఇక్కడ చూస్తే ఊరికో కాన్పు. ఆమెకు కాలు నిలవలేదు, మనసు అంతకన్నా నిలవలేదు. తెలిసిన ఊళ్ళన్నీ దాటి, వాగు వెంట పైకి పైకి నడిచి, ఎన్నడూ పోని పిట్టలగుట్టకు పోయింది.

ఊరి చివరి ఇంట్లో లసుమవ్వ అనే ముసలామె ఉంది. ఒక కాలు కుంటి, చేతిలో కర్ర.

"పాతది ఇయ్యుండ్రమ్మా, పసిది తొడుక్కుంటది."

లసుమవ్వ ఆ మాట విని లోపలికి వెళ్ళి ఒక దుప్పటి తెచ్చింది. తెల్లటి దుప్పటి, అంచులకు నీలం చార. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడింది.

"ఇది కప్పుకున్నోళ్ళు ఉన్నరా?" అంది ఓదెవ్వ.

లసుమవ్వ దుప్పటి వైపు చూసింది. దారి వైపు చూసింది. ఓదెవ్వ వైపు చూసింది.

"ఉన్నడు" అంది.

"నూరేండ్లు ఉండాలె" అని ఓదెవ్వ మూటలో వేసుకుంది. నిజానికి ఆ గడప పక్కన మగవాళ్ళ చెప్పులు లేవు. దండెం మీద ధోవతి లేదు. చూస్తే తెలిసేదే. కానీ ఓదెవ్వకు చూసే తీరిక ఏది? ఆమె కాళ్ళు అప్పటికే వాగు దిగుతున్నాయి.

ఆ దుప్పటి అంచుల నుంచి మూడు అంగీలు వచ్చాయి. ఒకటి కుమ్మరివాళ్ళ ఇంట్లో పాకే పిల్లకు ఇచ్చింది. ఒకటి కల్లుగీసేవాళ్ళ ఇంట్లో నడక నేర్చే పిల్లాడికి ఇచ్చింది. మూడోది భూలచ్చి కొడుక్కి ఇచ్చింది.

ఈ భూలచ్చి ఎవరో చెప్పాలి. ఆమె ముగ్గురిని కన్నది, ముగ్గురినీ మట్టిలో పెట్టింది. నాలుగోవాడు పుట్టగానే వాణ్ణి తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేసిన బిడ్డను ఏరుకున్నట్టు మళ్ళీ ఎత్తుకొచ్చింది. పెంటయ్య అని పేరు పెట్టింది. పెంట మీద దొరికినవాణ్ణి చావు కూడా చీదరించుకుని వదిలేస్తుందని ఆశ. ఓదెవ్వ చేతి అంగి వచ్చేదాకా వాడికి ఏ గుడ్డా తొడగలేదు, కొంగులోనే చుట్టుకుని తిరిగింది. అంగి తొడిగిన రోజు ఓదెవ్వ చేతులు పట్టుకుని, "నీ సెయ్యి మంచిదవ్వా, ఈడన్న దక్కుతడు" అంది. ఓదెవ్వ చేతులు విడిపించుకుని దారిన పడింది గానీ, ఆ మాట ఆమె వెంటే నడిచింది.

నెల తిరక్కముందే ఒక పొద్దున ఓదెవ్వ వాగు దాటుతోంది. మిగిలిన పీలికతో కుల్ల కుడుతూ దాటుతోంది. నీళ్ళలో చాకలి నర్సయ్య బట్టలు ఉతుకుతున్నాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అతనే చాకలి. నీలం చార చూసి చెయ్యి ఆపాడు.

"గీ దుప్పటి నీకేడిదే ఓదెవ్వా?"

"పిట్టలగుట్టల ఓ అవ్వ ఇచ్చింది."

"కుంటి లసుమవ్వనా?"

"ఆఁ. ఎందుకు?"

నర్సయ్య బండ మీద బట్ట వదిలేశాడు. "అది కావలి ఈరయ్యది. ఆయన పోయి ఏడాదాయె. మూట నాకిచ్చిన నాడు ధోవతులు ఉన్నయ్, రుమాలు ఉన్నది, గిదొక్కటి లేదు. ఏదవ్వా అంటే, ఎలుకలు కొట్టినయ్ అన్నది" అన్నాడు.

ఓదెవ్వ చేతిలో కుల్ల నీళ్ళలో పడి కొట్టుకుపోయింది. చచ్చిపోయినవాడి దుప్పటి. మూడు అంగీలు. ముగ్గురు పిల్లలు. వాగు మధ్యలో ఆమె కాళ్ళు నిలిచిపోవడం అప్పుడే చూశానని నర్సయ్య తర్వాత అందరికీ చెప్పాడు. నిలిచింది ఒక్క క్షణమే. తర్వాత పరుగే.

పిట్టలగుట్టకు పోయి లసుమవ్వ గుమ్మంలో నిలబడింది. ఊపిరి అందడం లేదు.

"ఉన్నడంటివి కద అవ్వా!"

లసుమవ్వ అబద్ధమాడలేదు, బుకాయించలేదు. "ఏడాది సంది గా దుప్పట్లనే పండుకున్న బిడ్డా. ఆయన వాసన ఉండె. ఉంటే ఆయనే ఉన్నట్టుండె. వాసన పోవట్టింది. ఎవలన్న పసోళ్ళు తొడుక్కుంటే మల్ల ఉంటడనిపిచ్చింది. అందుకే ఉన్నడన్న."

"నీ ముచ్చట పాడుగాను! చావు గుడ్డను నాతోటి పసోళ్ళ మీద ఏయించినవా? ఆళ్ళకేమన్నయితే ఎవలు దిక్కు? కాలవెడ్త. మూటికి మూడు కాలవెడ్త."

"కాలవెట్టు బిడ్డా. తప్పు నాదే. కాని కాలవెట్టే ముందు ఒక్కసారి పసిదాని ఒంటి మీద చూడనియ్యి. ఒక్కసారి."

ఎవరు వింటారు? ఓదెవ్వ గుట్ట దిగుతోంది. లసుమవ్వ కర్ర అందుకుంది. కుంటికాలు ఈడ్చుకుంటూ ఆమె కూడా దిగింది. ముందు ఓదెవ్వ, వెనుక లసుమవ్వ. ఒకామెకు పిల్లల భయం, ఒకామెకు అంగి భయం.

కుమ్మరివాళ్ళ ఇంటి ముందు పిల్ల మట్టిలో పాకుతోంది. దుక్కలా ఉంది. నోరంతా మట్టే. అయినా ఓదెవ్వకు ఆ పిల్ల పాలిపోయినట్టే కనిపించింది. భయం కళ్ళకెక్కితే అంతే మరి.

"అంగికి బొందు ఊడేటట్టున్నది, కుట్టుకొస్త ఇయ్యి" అంది. అది మొదటి అబద్ధం.

కుమ్మరి కోడలు బొందు చూసింది. గట్టిగానే ఉంది. అయినా ఓదెవ్వ అడిగితే ఎవరు కాదంటారు? విప్పి ఇచ్చింది. ఓదెవ్వ వీధి మలుపు తిరిగేసరికి లసుమవ్వ వచ్చింది.

"బిడ్డా, అంగి ఏది?"

"ఇప్పుడే పట్కపోయింది అవ్వా. జెర కూసో, నీళ్ళు తాగు."

"కూసుండ" అని లసుమవ్వ నడిచింది. ముందు ఓదెవ్వ, వెనుక లసుమవ్వ.

కల్లుగీసేవాళ్ళ ఇంట్లో పిల్లాడు కోడిపెట్ట వెంట తప్పటడుగులు వేస్తున్నాడు. వాడి నానమ్మ నోరు పెద్దది.

"ఇచ్చినంక మల్ల అడుగుతున్నవేందే? పెట్టిన చెయ్యి గుంజుకుంటదా?" అంది.

"పోరడు పెరిగిండు, అంగి కురచైంది. మడత ఇడిసి కుట్టి ఇస్త" అంది ఓదెవ్వ. అది రెండో అబద్ధం. అంగి ఇంకా వాడి మోకాళ్ళ దాకా వేలాడుతోంది. నానమ్మ గొణుగుతూనే విప్పింది. పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. లసుమవ్వ వచ్చేసరికి ఏడుస్తున్న పిల్లాడు ఉన్నాడు, అంగి లేదు. ఆ ముసలామె వాడి బొజ్జ మీద ఒకసారి చెయ్యి వేసి, కళ్ళు తుడుచుకుని నడిచింది. ముందు ఓదెవ్వ, వెనుక లసుమవ్వ.

పొద్దు వాలుతుండగా ఓదెవ్వ భూలచ్చి ఇల్లు చేరింది. భూలచ్చి కొడుకును భుజాన వేసుకుని ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతోంది. ఓదెవ్వను చూసి ఆమె మొహం వెలిగింది.

"వచ్చినవా అవ్వా! పొద్దటి సంది పోరని ఒళ్ళు కాలుతున్నది. పాలు ముడుతలేడు. నువ్వు కనవడ్డవ్, నా పానం లేసొచ్చింది."

ఓదెవ్వ పిల్లాడి వీపు మీద చెయ్యి పెట్టింది. పెనం మీద పెట్టినట్టే ఉంది. ఏ భయంతో పరుగెత్తిందో అదే ఎదురైంది. బొందు ఊడిందనాలి, లేదా కురచైందనాలి. మూడో అబద్ధం నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ముగ్గురిని పోగొట్టుకున్న తల్లి కళ్ళలోకి చూస్తూ ఎలా అంటుంది? ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

"బిడ్డా, గా అంగి ఇప్పు" అంది చివరికి. "అది సచ్చిపోయినాయన దుప్పటి. నాకు తెల్వక కుట్టిన. నీ కాళ్ళు మొక్కుత, ఇప్పు."

భూలచ్చి బొందులు లాగి, అంగి ఊడదీసి నేల మీదికి విసిరికొట్టింది. పెట్టెలోంచి కొత్త చీర తీసి పిల్లాడికి చుట్టింది. బిరుసు గుడ్డ తగిలి పిల్లాడు గుక్కపట్టాడు. ఏడ్చి ఏడ్చి మొహం కందిపోయింది. భూలచ్చి తిరుగుతోంది, ఏడుస్తోంది. ఓదెవ్వ నేల మీద అంగి తీసుకుంది. చంకలో మూట విప్పి మిగతా రెండూ తీసుకుంది. మూడూ పట్టుకుని పొయ్యి దగ్గరికి నడిచింది.

అప్పుడు గుమ్మంలో కర్ర చప్పుడైంది.

"ఆగు బిడ్డా, ఆగు. చూడనియ్యి" అంది లసుమవ్వ. అంగి కోసం ఊళ్ళు దాటి వచ్చిన మనిషి, పిల్లాడి ఏడుపు విని అంగి సంగతే మరిచిపోయింది. "అయ్యో, పోరనికి ఏమైంది? అంత బిరుసు గుడ్డ చుడుతరా?" అంటూ చేతులు చాచింది.

భూలచ్చి పిల్లాణ్ణి వెనక్కి తిప్పుకుంది. "నువ్వెవలవు?"

"దుప్పటి నాదే బిడ్డా. నా పెనిమిటిది."

"నీ పెనిమిటి ఎట్ల పోయిండు?"

"మంచె మీద కూసోని పోయిండు. ముసలోడై పోయిండు. పండ్లన్ని ఊడినయ్, చెవులు ఇనరాకపాయె. కునుకు తీస్తున్నడనుకున్నం."

"ఎసుంటోడు?"

ఆయన ఎలాంటివాడని లసుమవ్వను ఏడాదిగా ఎవరూ అడగలేదు. చచ్చినవాళ్ళ గురించి మాట్లాడితే అరిష్టమని అందరూ తప్పుకునేవారే. ఆమె గోడకు ఆనుకుని చెప్పింది.

"జొన్నచేన్లకు కావలి. మాకు పిల్లలు కాలేదు బిడ్డా. కలుపుకు వచ్చిన తల్లులు పసోళ్ళను మంచె కింద ఇడిసిపొయ్యేది. ఈయన గీ దుప్పటి రెండు కొసలు మంచె కాళ్ళకు కట్టి, ఊయల చేసి ఊపేటోడు. పిట్టలను కొట్టుడు మరిచి ఊపేటోడు. సగం జొన్నలు పిట్టలే తినేటియి. ఆసామి వచ్చి తిడితే తలకాయ ఒంచుకుని, ఒక చేత్తోటి ఊపుకుంటనే ఉండేటోడు."

భూలచ్చి నడక ఆగింది. పిల్లాడు ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు. ఆమె ఓదెవ్వ వైపు తిరిగింది.

"అవ్వా, నా ముగ్గురికి బతికున్నోళ్ళ గుడ్డలే తొడిగిన. పెద్దదానికి మా మామ ధోవతి. నడిపోనికి మా అవ్వ చీర. చిన్నదానికి దొరసాని చీర అడుక్కొచ్చి తొడిగిన. కట్టినోళ్ళంత గుండ్రాళ్ళలెక్క ఉన్నరు. నా పిల్లలే లేరు. ఉన్నోళ్ళ గుడ్డ నా పిల్లలను ఆపలేదు. పోయినాయనకు నా పోరనితోటి ఏం పగ? ఊపినోడే కద. ఇటియ్యి అంగి."

"వద్దు బిడ్డా" అంది ఓదెవ్వ.

"ఇటియ్యి."

"నా మాటిను, వద్దు."

"ఇటియ్యి ఓదెవ్వా!"

ఓదెవ్వ చేతిలో అంగి వైపు చూసింది. ఇన్నేళ్ళు ఎన్ని గడపల ముందు అడిగింది, ఉన్నరా, ఉన్నరా అని. తన పిల్ల మాత్రం ఏ గుడ్డా లేకుండానే పోయింది. బతికున్నవాళ్ళదీ లేదు, చచ్చినవాళ్ళదీ లేదు. చావు గుడ్డలో ఉంటే, ఒట్టి ఒంటితో ఉన్న పిల్ల దగ్గరికి ఎలా వచ్చింది? ఈ చిన్న ప్రశ్న ఇన్ని ఊళ్ళు తిరిగినా ఆమెకు తట్టలేదు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. పిల్లను మట్టిలో పెట్టిన రోజు కూడా ఏడవని మనిషి, ఆ పొయ్యి ముందు వెక్కివెక్కి ఏడ్చింది.

తర్వాత నేల మీద కూర్చుంది. అవును, కూర్చుంది. పిల్లాణ్ణి ఒళ్ళోకి తీసుకుని, కొత్త చీర విప్పేసి, అంగి తనే తొడిగింది. మెత్తటి గుడ్డ ఒంటికి తగలగానే పిల్లాడి వెక్కిళ్ళు నెమ్మదించాయి. లసుమవ్వ కుంటికాలు మడవలేక పక్కన చతికిలబడి, ఆ నీలం చార మీద వేలితో రాసింది. "ఉన్నడు" అంది చాలా చిన్నగా.

అంగి వల్ల జ్వరం తగ్గిందని నేననను. భూలచ్చి అత్త శొంఠి కాచి పోసింది, తడిగుడ్డ వేసింది, దేవుళ్ళందరికీ మొక్కింది. ఎవరి గొప్ప వాళ్ళు చెప్పుకోవచ్చు. తెల్లారేసరికి పెంటయ్య ఒళ్ళు చల్లబడింది. అది మాత్రం నిజం.

ఆ రాత్రి ఓదెవ్వ అక్కడే ఉండిపోయిందనుకుంటున్నారా? భూలచ్చి ఇచ్చిన గంజి చల్లారేదాకా కూర్చుంది. అంతే. అవతల ఇద్దరు పిల్లలు ఒట్టి ఒంటితో ఉన్నారు. రెండు అంగీలు చంకన పెట్టుకుని, చీకటి పడేలోపు తొడిగి రావాలని మళ్ళీ పరుగు.

ఆ రోజు నుంచి గడప ముందు ఆమె అడిగే మాట మారింది. "పాతది ఇయ్యుండ్రమ్మా, పసిది తొడుక్కుంటది" అనేది. గుడ్డ చేతికి రాగానే, "ఇది కట్టినోళ్ళు ఎసుంటోళ్ళు?" అనేది. కొందరు తలుపులు వేసుకున్నారు. ఓదెవ్వకు మతి పోయిందన్నారు. కొందరు మాత్రం గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టారు. మా నాయిన ఎద్దుతోటి ముచ్చట పెట్టేటోడు, మా అత్త తిట్టేది గాని అన్నం దాచిపెట్టేది, మా చెల్లె ఈత కొడితే చేపే. పోయినవాళ్ళ ఊసెత్తని ఇళ్ళలో ఊసులు లేచాయి. ఓదెవ్వ నడుస్తూ వినేది, నడుస్తూ కుట్టేది, అంగి తొడిగేటప్పుడు ఆ మాట పసిబిడ్డ చెవిలో చెప్పేది. తన రాబడి తగ్గుతోందని నర్సయ్య మొదట్లో చిటపటలాడాడు. రెండు మూడేళ్ళకు తనే మూటలోంచి మెత్తటి గుడ్డలు ఏరి ఆమెకు పక్కన పెట్టసాగాడు.

ఓదెవ్వ ముసలిదైంది. నడుము వంగింది, చూపు మందగించింది, కాళ్ళు మాత్రం నిలవలేదు. ఒక రోజు వాగు దాటుతూ ఇసుకలో ఒరిగిపోయింది. నర్సయ్యే చూశాడు. ఆమెకు ఎవరూ లేరు కదా, ఎవరొస్తారులే అనుకున్నాడు. వాగు పక్క ఊళ్ళన్నీ వచ్చాయి.

దహనం అయ్యాక ఒక చీర మిగిలింది. దాంట్లో అసలు చీర ఎంతో, అతుకులు ఎంతో ఎవరూ చెప్పలేరు. అది నర్సయ్యకు పోవాల్సిన చీర. అతను దాన్ని వాగులో ఉతికి ఇసుక మీద ఆరేశాడు గానీ మూటలో కట్టుకోలేదు. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. కుమ్మరి కోడలు నాకో పీలిక అంది. కల్లుగీసేవాళ్ళ ఇంటి ఆడపడుచు నాకో పీలిక అంది. అందరూ నాకూ నాకూ అన్నారు.

ఊరి పెద్దమనిషి ఒకాయనకు కోపం వచ్చింది. "సిగ్గుండాలె. మొగడు లేని మనిషి, పిల్ల దక్కని మనిషి, కాలు నిలువని మనిషి. గసుంటామె గుడ్డ పసోళ్ళకు తొడుగుతరా?"

భూలచ్చి ముందుకొచ్చింది. పక్కన నూనూగు మీసాల పెంటయ్య ఉన్నాడు.

"ఆమె ఎసుంటిదో మమ్ముల అడుగు పటేలా, చెప్తం" అంది.

అడిగే పని లేకుండానే చెప్పడం మొదలుపెట్టారు. ఒకరు ఆపితే ఒకరు అందుకున్నారు. నా పిల్లకు తొడిగింది, నాకే తొడిగింది, మా అవ్వ ముచ్చట నా చెవుల చెప్పింది. చీర ఆరిపోయింది, ఎండ దిగిపోయింది, మాటలు అయిపోలేదు. చివరికి ఆ పెద్దమనిషే, తన కోడలికి నెలలు నిండాయని గుర్తొచ్చి, నాకూ ఒక పీలిక అన్నాడు. చీర పోగు వెంబడి చింపితే ఒక్కొక్కరికి బెత్తెడు వచ్చింది.

ఆ చీర ఏనాడో అయిపోయింది. కానీ ఆ వాగు పక్క ఊళ్ళలో ఇవాళ్టికీ ఎవరైనా పోతే, బట్టల మూట ఎత్తే ముందు చాకలి గడప దగ్గర ఆగి, "పసోళ్ళ వంతు తీసుకున్నరా?" అని అడుగుతాడు. ఇంటివాళ్ళు ఒక మెత్తటి గుడ్డ తీసి దాచుతారు. ఆ ఇంట్లోనో పక్కింట్లోనో బిడ్డ పుట్టినప్పుడు దానితో కుట్లు పైకి వచ్చేలా అంగి కుడతారు. కుదురుగా కూర్చోని పిల్లలను, నీ అంగికి ఓదెవ్వ పీలిక పడ్డదా ఏంది అని తిడతారు.

ఆ అంగి తొడిగేటప్పుడు ఇంటి పెద్దామె బిడ్డ చెవి దగ్గర నోరు పెడుతుంది. ఇది ఎవరిదో చెబుతుంది. ఎలాంటివాళ్ళో చెబుతుంది. అంగి తల్లి కుట్టనీ, అమ్మమ్మ కుట్టనీ, సంతలో కుట్టుపని చేసే మేర కుట్టనీ, చివర మాత్రం అందరూ ఒకే మాట అంటారు.

"కుట్టింది ఓదెవ్వ" అంటారు. అప్పుడు బొందులు ముడివేస్తారు.